రిసీట్‌లో ‘పి’ పలకాలా వద్దా? పిల్లలకి ఏమని చెప్పాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారమండి. నేను ఇంటి దగ్గర ట్యూషన్ చెప్తానండి, ఆరు నుంచి ఎనిమిదో క్లాసు దాకా పిల్లలు, సగంమంది ఒడియా మీడియం, సగంమంది ఇంగ్లీషు మీడియం, ఇళ్ళల్లో మాత్రం అందరిదీ తెలుగే. నిన్న రీడింగ్ చేయిస్తుంటే ఏడో క్లాసు అమ్మాయి ఒకత్తి రిసీప్ట్ అని చక్కగా పి ఒత్తి మరీ చదివింది. పక్కన కూర్చున్న అబ్బాయి, వాళ్ళ నాన్నకి ఎరువుల కొట్టు ఉంది, కాదే రసీటు అనాలి మా నాన్న రోజూ అదే అంటాడు అని మొదలెట్టేడు. ఆ అమ్మాయి ఊరుకోదు కదా, మా స్కూల్లో ఇలాగే చెప్పేరు, పుస్తకంలో పి ఉంది చూడు, ఉన్న అక్షరం ఎందుకు మానెయ్యాలి అంది. పి పలకరమ్మా అని నేను చెప్పేను గానీ వెంటనే "పలకనప్పుడు ఎందుకు రాసేరు టీచర్" అని అడిగింది, అంతటితో ఆగకుండా "మరి రిసెప్షన్‌లో పలుకుతాం కదా, అదీ ఇదీ ఒకటే కదా" అంది. అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ఇంగ్లీషులో అంతే, బట్టీ పట్టెయ్ అని నాకు చెప్పబుద్ధి కాలేదు.

కాబట్టి ఇక్కడ తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి, పిల్లలకి అర్థమయ్యేలాగ. ఆ పి ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎందుకు పలకరు. ఇంకోటేటంటే మన రసీదు అనే మాట దీన్నుంచే వచ్చిందని మా మావయ్యగారు అంటున్నారు, అది నిజమేనా. అలాగే బిల్లుకీ రిసీట్‌కీ తేడా కూడా చెప్తే బాగుంటుంది, పిల్లలు రెండూ ఒకటే అనుకుంటున్నారు, పెద్దవాళ్ళు కూడా అలాగే వాడుతున్నారు అనుకోండి.


బరంపురం మాస్టారు

అమ్మా, ముందు సూటిగా జవాబు: పి పలకకూడదు. రి-సీట్, అంతే. కూర్చునే సీటు ఉంది చూడండి, దాని ముందు రి పెడితే చాలు. బ్రిటన్‌లో ఒకలాగ అమెరికాలో ఒకలాగ అని కూడా ఏమీ లేదు, రెండు చోట్లా పి మూగదే. బరువు రెండో ముక్క మీద పడాలి, సీ మీద. మనవాళ్ళు చాలామంది రీసీట్ అని మొదటి ముక్కనే లాగుతారు, దానికన్నా రి పొట్టిగా తేల్చేసి సీ దగ్గర నిలబడితే వినడానికి సరిగ్గా ఉంటుంది. మంచి డిక్షనరీ ఏదైనా తీసి ఆ మాట పక్కన ఉచ్చారణ గుర్తులు పిల్లలకి చూపించండి. ఐ అక్షరం పక్కన రెండు చుక్కలు ఉంటాయి, అది దీర్ఘం గుర్తు. ఎస్ ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది, ఒత్తు ఎక్కడ పడాలో చెప్పే గుర్తు అది. పి జాడ ఉండదు. ఈ గుర్తులు చదవడం ఒకసారి వచ్చిందంటే పిల్లలు ఏ మాటకీ ఎవర్నీ అడగక్కర్లేదు, వాళ్ళే చూసుకుంటారు, ఆరో క్లాసు పిల్లలకి కూడా ఇది కష్టమేమీ కాదు.

ఇప్పుడు ఆ పి కథ. ఈ మాట ఇంగ్లీషువాళ్ళకి 14వ శతాబ్దంలో ఫ్రెంచి మాట్లాడే దొరల దగ్గర్నుంచి వచ్చింది. అప్పుడు దాని రూపంలో పి లేదు, ఆర్ ఇ సి ఇ ఐ టి ఇ అని రాసేవారు, పలకడం కూడా పి లేకుండానే. దానికి తాత లాటిన్‌లో రెకెప్తా, అంటే తీసుకున్నది, అందినది. లాటిన్ మాటలో పి ఉంది, ఫ్రెంచి నోళ్ళలో నలిగి నలిగి అది పోయింది. తర్వాత ఇంగ్లండులో లాటిన్ చదువు మీద గౌరవం బాగా పెరిగిన రోజులొచ్చేయి, అప్పుడు పండితులు ఈ మాట లాటిన్ సంతానం అని కాగితం మీద కనపడాలని పోయిన పిని తెచ్చి మళ్ళీ రాతలో పెట్టేరు. రాతలోకి వచ్చింది గానీ జనం నోట్లోకి రాలేదు. ఆ పి మన ఇంటిపేరు లాంటిది అనుకోండి, కాగితంలో రాస్తాం, పిలిచేటప్పుడు పిలవం.

ఇది ఈ ఒక్క మాటకే జరగలేదు. డెట్ అంటే అప్పు, దాంట్లో బి ఇలాగే వచ్చింది. సటిల్ అంటే సూక్ష్మం, దాంట్లో బి, ఇండైట్ అంటే నేరం మోపడం, దాంట్లో సి, సామన్ చేపలో ఎల్, అన్నీ ఇదే బాపతు. ఐలండ్‌లో ఎస్ అయితే మరీ అన్యాయం, ఆ మాటకి లాటిన్‌తో చుట్టరికమే లేదు, పాత ఇంగ్లీషు మాట అది, ఐల్ అనే వేరే ఫ్రెంచి మాటతో కలగాపులగం చేసి ఎస్ తగిలించేరు.

మీ అమ్మాయికి చెప్పడానికి వీటన్నిటికన్నా మంచిది ఒకటుంది. డౌట్. దాంట్లో కూడా బి ఉంది, డి ఓ యు బి టి, అదీ ఇలాగే లాటిన్ చూసి చేర్చిందే. మన పిల్లలు రోజుకి వందసార్లు టీచర్ డౌట్, టీచర్ డౌట్ అంటారు, ఒక్కడైనా డౌబ్ట్ అన్నాడా? అనడు. ఎందుకంటే ఆ మాట వాడికి చెవిలోంచి వచ్చింది, స్పెల్లింగ్ తర్వాతెప్పుడో చూసేడు. రిసీట్ అలా కాదు, స్కూలు ఫీజు పుస్తకం మీద, కరెంటు ఆఫీసు కాగితం మీద పెద్దక్షరాలతో అచ్చేసి ఉంటుంది, అది కంట్లోంచి వచ్చింది. కంట్లోంచి వచ్చిన మాటని ఉన్నదున్నట్టు చదవడం తెలుగు పిల్లలకి సహజం, మన లిపి అలా నేర్పింది. ఆ లెక్కన చూస్తే ఎరువుల కొట్టు అబ్బాయి రసీటు అన్నాడే, వాడే అసలు ఉచ్చారణకి దగ్గరగా ఉన్నాడు, వాళ్ళ నాన్నగారికి అది వినికిడిలో వచ్చింది గనక.

ఇక రిసెప్షన్ సంగతి. దాంట్లో పి ఎప్పుడూ పోలేదు, లాటిన్‌లో ఉన్న పి నోట్లోనూ రాతలోనూ నిలిచే ఉంది. రిసెప్టివ్, రెసిపియంట్, వీటన్నిటిలో నిక్షేపంగా పలకండి. రిసీట్ ఒక్కటే వేరే దారిలో వచ్చింది. దాని సొంత అక్కచెల్లెళ్ళని చూడండి, డిసీట్ అంటే మోసం, కన్సీట్ అంటే గర్వం, వాటిలో పి రాయరు, పలకరు. 1755లో ఇంగ్లీషు డిక్షనరీ వేసిన జాన్సన్‌గారికి కూడా ఇది తెలుసు. డిసీట్‌కి పి లేకుండా, రిసీట్‌కి పితో రాస్తున్నాను, ఎక్కువమంది అలాగే రాస్తున్నారు గనక అని ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఇంక మారలేదు.


వంశధార (గుణుపురం)

మాస్టారు ఉచ్చారణ చెప్పీసేరు కాబట్టి నేను వాడుక గురించి రాస్తానండి, నేను లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చేస్తాను, పొద్దున్నించి రాత్రి దాకా నాది ఈ కాగితాల పనే.

మేడమ్, బిల్లు (ఇన్‌వాయిస్ అన్నా అదే) డబ్బు ఇమ్మని అడిగే కాగితం. రిసీట్ డబ్బు అందిందని ఒప్పుకునే కాగితం. బిల్లు ముందు, రిసీట్ తర్వాత. మీ అబ్బాయి వాళ్ళ నాన్నగారు రైతుకి పది బస్తాలు అరువు మీద ఇచ్చి కాగితం రాసిస్తే అది బిల్లు, పంట డబ్బు వచ్చేక రైతు కట్టి వెళితే అప్పుడు రాసిచ్చేది రిసీట్. రెండూ దాచుకోవాలి, ఒకటి ఉండి ఇంకోటి లేకపోతే తర్వాత తగువులే. కిరాణా కొట్లో అక్కడికక్కడ డబ్బిచ్చి తీసుకున్న దానికి మాత్రం ఒక్క కాగితమే రెండు పనులూ చేసేస్తుంది, అందుకే జనానికి రెండూ ఒకటే అనిపిస్తాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది పిల్లలకి తప్పకుండా చెప్పండి. రిసీట్ అంటే డబ్బే అందాలని లేదు, ఏది అందినా రిసీటే. మా ఆఫీసులో ఎల్‌ఆర్ అంటాం, ఇటు బిల్టీ అని కూడా అంటారు, పార్టీలు, అంటే సరుకు పంపేవాళ్ళు, వచ్చి ఎల్‌ఆర్ ఇచ్చీండి ఎల్‌ఆర్ ఇచ్చీండి అంటారు. ఎల్ అంటే లారీ, ఆర్ అంటే రిసీట్. సరుకు మా చేతికి వచ్చింది, ఇన్ని నగలు, ఈ గుర్తు, ఫలానా ఊరు చేర్చాలి అని మేం రాసిచ్చే కాగితం అది. అక్కడ అందింది సరుకు, డబ్బు కాదు, కిరాయి ఇంకా కట్టకపోయినా ఎల్‌ఆర్ ఎల్‌ఆరే. నగ అంటే ఏటని అడుగుతారేమో, మూట గానీ పెట్టె గానీ, మా లైన్లో లెక్కకి నగ అంటాం. రైల్లో పంపితే ఆర్‌ఆర్, రైల్వే రిసీట్. బ్యాంకులో ఎఫ్‌డీఆర్, అంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ రిసీట్, అన్నదాంట్లో చివరి ఆర్ కూడా ఇదే.

ఆఫీసు ఉత్తరాల్లో ఇంకోలాగ కూడా వస్తుంది, ఆన్ రిసీట్ ఆఫ్ యువర్ లెటర్ అని. అక్కడ కాగితం ముక్క అని అర్థం చెప్పకండి, మీ ఉత్తరం అందగానే అని అర్థం. అక్కడ ఏ రిసీట్ అనరు, ద రిసీట్ అనరు, ఉత్త రిసీట్. కాగితం అయితే ఏ రిసీట్ అనొచ్చు, రెండు రిసీట్స్ అని లెక్కపెట్టొచ్చు. పంచాయితీ లెక్కల్లో, సొసైటీ లెక్కల్లో రిసీట్స్ అండ్ పేమెంట్స్ అని ఉంటుంది, అక్కడ రిసీట్స్ అంటే జమ అయిన సొమ్ము. ఇలా మూడు అర్థాలు, మూడూ అందడం అన్న దాని చుట్టూనే తిరుగుతాయి.


ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి)

నమస్తే. మీ మావయ్యగారు అన్న ముచ్చట గురించి చెప్త. రసీదు ఇంగ్లీషు మాట కాదు మేడం. రిసీట్, రసీదు వినెటప్పుడు అక్కచెల్లెండ్ల లెక్క ఉంటయి గని రెండిటికి సంబంధం లేదు. రసీద్ అంటే ఫార్సీల చేరింది, అందింది అని. నవాబుల కచేరీల్లకెల్లి, అటు మొగలు దఫ్తర్లకెల్లి మన అన్ని భాషలల్లకు వచ్చింది, ఇంగ్లీషోళ్ళు రాకముందే. మీ దిక్కు ఒడియాల గూడ రసీదే అంటరు కద, భూమి శిస్తు కడితే ఖజణా రసీదు అని ఇస్తరని విన్న.

మా దగ్గర ఇంకో మాట నడుస్తది, పావతి. మేము ఉండేది మహారాష్ట్రల, గోదారి దాటితే కాళేశ్వరం, ఇంట్ల తెలుగు, ఆఫీసుల మరాఠీ. కరెంటు బిల్లు కట్టినా, బడిల ఫీజు కట్టినా పావతి ఇయ్యున్రి అంటం, తెలుగు మాట్లాడుకుంటనే అంటం. అది పావణే అన్న మరాఠీ మాట నుంచి వచ్చింది, దాని అర్థం గూడ చేరుడు, అందుడే. లాటిన్ మాట అందింది అన్నది, ఫార్సీ మాట చేరింది అన్నది, మరాఠీ గూడ అదే. పాత తెలుగు కాగితాలు చూడున్రి, పైకము ముట్టినది అని రాస్తరు. మా తాత దగ్గర అసొంటి కాగితాలు ఒక డబ్బ నిండ ఉంటుండె, నేను చిన్నగున్నప్పుడు ఈ ముట్టుడు ఏంది అని అడిగేది. నాలుగు భాషల మనుషులు ఒకల్ని ఒకలు అడగకుంటనే ఒకటే తీరుగ పేరు పెట్టుకున్నరు, నాకైతే ఇది మస్తు నచ్చుతది.

ఇంకొకటి. ఉన్న అక్షరం ఎందుకు పలుకమని ఆ పిల్ల అడిగింది కద, జ్ఞానం అని రాయించున్రి బోర్డు మీద. జ కింద ఞ వత్తు ఉన్నది. మనం గ్నానం అంటం. మా మరాఠీ దోస్తులు ద్న్యాన్ అంటరు. మీ ఒడియావోళ్ళు గ్యాన అంటరు. జ అని ఎవ్వలన్న అంటున్నరా? రాసుడు అందరిది ఒకటే, పలుకుడు ఎవ్వలది వాళ్ళది. మీ ట్యూషన్ల ఒడియా మీడియం పోరగాండ్లు గూడ ఉన్నరంటిరి కద, వాళ్ళతోని ఒకసారి, తెలుగు ఒక్కటే చదివెటోళ్ళతోని ఒకసారి పలికించున్రి, నవ్వుకుంటరు, మల్ల ఇంగ్లీషు మీద కోపం రాదు.


కొలాబ్ (జైపూర్, కొరాపుట్)

నేను బ్యాంకు ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను, ఇక్కడ నా అభిప్రాయం కొంచెం వేరు, మాస్టారు ఏమీ అనుకోవద్దు. మన దేశంలో సగంమంది రిసీప్ట్ అనే అంటున్నారు, కౌంటర్లో ఉన్నవాళ్ళు అంటున్నారు, టీచర్లు అంటున్నారు, అంతమంది అంటున్నప్పుడు అది తప్పెలా అవుతుంది? భాష జనానిది కదా. ఫాల్ట్ అనే మాటలో కూడా ఎల్ ముందు లేదంట, మధ్యలో పెట్టేరంట, ఇప్పుడు అందరూ పలుకుతున్నారు. మరి రిసీట్‌లో పి రేపు అలాగే పలికితే ఏం పోయింది? ఆ అమ్మాయిని తప్పు అని ఆపడం నాకు సరిగ్గా అనిపించలేదు. ఇంటర్వ్యూలో ఎలా అనాలో కూడా చెప్పండి, అది నాకు నిజంగా కావాలి.


బరంపురం మాస్టారు

బాబూ, అనుకోవడానికి ఏముంది, నువ్వు అడిగింది చాలా లోతైన ప్రశ్న. ఫాల్ట్ సంగతి నూటికి నూరు పాళ్ళు నిజం. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దాంట్లో ఎల్ లేదు, రాతలో చేర్చేరు, 18వ శతాబ్దంలో కూడా ఎల్ లేకుండా పలికేవాళ్ళు ఉండేవారు, తర్వాత రాత గెలిచింది. పర్ఫెక్ట్ కూడా అంతే, ఒకప్పుడు పార్ఫిట్, సి తర్వాత చేరింది, ఇప్పుడు అందరూ పలుకుతారు. అడ్వెంచర్‌లో డి కూడా అలా వచ్చిందే. అంటే రాసిన అక్షరం నోట్లోకి ఎక్కడం జరగని పని కాదు. కొన్ని మాటల్లో ఎక్కింది, కొన్నిటిలో ఎక్కలేదు, రిసీట్ ఎక్కని వాటిలో ఉంది, ఈ రోజుకి ఉన్న స్థితి ఇది. వందేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో అప్పటివాళ్ళు చూసుకుంటారు, ఇవాళ నేర్చుకునే పిల్లకి ఇవాళ చెల్లేది చెప్పాలి. ఇంటర్వ్యూలో రి-సీట్ అను, సందేహం పెట్టుకోకు. ఎదుటివాళ్ళు రిసీప్ట్ అన్నా నువ్వు మార్చకు, వాళ్ళని సరిదిద్దకు కూడా, నీ మాట నువ్వు అనుకుని ముందుకెళ్ళిపో.

నీ రెండో మాట మాత్రం నాకు నచ్చింది. ఆ అమ్మాయిని తప్పు అని ఆపకూడదు. తను చేసింది పద్ధతిగా చదవడం. ఇలాంటి గొడవ నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులోనే జరిగింది. షేక్‌స్పియర్ లవ్స్ లేబర్స్ లాస్ట్ నాటకంలో హోలోఫర్నీస్ అని ఒక బడిపంతులు ఉంటాడు. ఈ కాలం వాళ్ళు డౌట్‌లో బి మింగేస్తున్నారు, డెట్‌లో బి మింగేస్తున్నారు, హాఫ్‌లో ఎల్ పలకడం లేదు, కాఫ్ అంటే దూడ, దాంట్లో ఎల్ పలకడం లేదు, భాషని పాడుచేస్తున్నారు అని తెగ బాధపడిపోతాడు. మీ అమ్మాయి వాదన, ఆయన వాదన ఒకటే, పుస్తకంలో ఉంది కాబట్టి పలకాలి. ఈ మాట ఆ అమ్మాయికి చెప్పండమ్మా, సంతోషిస్తుంది.

ఇంకో మాట, పర్లాకిమిడి అన్నారు గనక చెప్పకుండా ఉండలేకపోతున్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880 నుంచి అక్కడే మాస్టరుగా పనిచేసేరు, 1911లో రిటైర్ అయ్యేదాకా. అక్కడి కొండల్లో ఉండే సవర జాతివాళ్ళు మాట్లాడేది నేర్చుకోవాలని తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా వింటూ రాసుకున్నారు. అప్పటికి లిపి లేని భాష అది, ఏ శబ్దం పొట్టిది ఏది పొడుగుది అని చెవితోనే పట్టుకోవాలి. ఆయన దీర్ఘానికి అక్షరం పక్కన రెండు చుక్కలు పెట్టేవారు, ఇందాక డిక్షనరీలో చూడమన్నానే, అవే రెండు చుక్కలు. కొండల్లో మలేరియా వస్తే మందుగా క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు, అయినా పని ఆపలేదు. తెలుగులో వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, దాని వెనక ఉన్న ఈ చెవి సంగతి చాలామందికి తెలీదు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఫోటోకి దండ వేసేటప్పుడు పిల్లలకి ఆ రెండు చుక్కలు చూపిస్తే ఆయన ఏం చేసేరో అర్థమవుతుందని నా ఆశ. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయేరు గానీ ఆయన నడిచిన వీధులు మీ ఊళ్ళోనే ఉన్నాయి కదమ్మా.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ చాలా చాలా థాంక్సండి, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఇవాళ ట్యూషన్లో మొదట డౌట్ స్పెల్లింగ్ బోర్డు మీద రాసి చదవండర్రా అన్నాను. అందరూ డౌట్ అన్నారు. బి కింద గీత గీసి దీన్ని ఏం చేసేరు అని అడిగేసరికి ఆ అమ్మాయే ముందు పట్టేసింది, "అయితే పి కూడా ఇలాగేనా టీచర్" అంది. ఆ తర్వాత నేను ఎక్కువ చెప్పక్కర్లేకపోయింది. జ్ఞానం కూడా పలికించేను ప్రాణహిత గారూ, ఒడియా మీడియం పిల్లలు గ్యాన అన్నారు, తెలుగు చదివినవాళ్ళు గ్నానం అన్నారు, ఇద్దరూ మాదే రైట్ అని అరుచుకున్నారు, పక్కింటివాళ్ళు తొంగి చూసేరు. హోలోఫర్నీస్ కథ విని ఆ అమ్మాయి ఆ పంతులుగారు చివరికి ఏమయ్యేరు అని అడుగుతోంది, నాటకం నేను చదివి చెప్తానని మాటిచ్చేను.

రెండు చిన్న విషయాలు మిగిలిపోయేయి. పిల్లలు రిసీట్, రిసైట్, రీసెట్ మూడూ కలిపేస్తున్నారు, ఒకబ్బాయి పద్యం రిసీట్ చేసేను అన్నాడు. వీటిని విడదీసి చెప్పడానికి ఏమైనా ఉపాయం ఉందా. రెండోది స్పెల్లింగ్, ఇ ముందా ఐ ముందా అని ప్రతిసారీ తికమక. అలాగే రెసిపీ అనే మాట కూడా దీనికి చుట్టమేనా అని మా అమ్మగారు అడుగుతున్నారు, ఆవిడ వంటల వీడియోలు చూస్తారు లెండి.


బరంపురం మాస్టారు

అమ్మగారికి నమస్కారాలు చెప్పండి, ఆవిడ సరిగ్గా పట్టేరు. రెసిపీ దీనికి దగ్గర చుట్టమే. లాటిన్‌లో రెసిపే అంటే తీసుకో అని ఆజ్ఞ. డాక్టర్లు మందుల చీటీ పైన ఈ మాటతో మొదలెట్టేవారు, ఫలానాది ఇంత తీసుకో, ఫలానాది ఇంత తీసుకో అని. ఇప్పటికీ చీటీ పైన ఆర్ కాలికి అడ్డగీత ఉన్న గుర్తు ఉంటుంది చూడండి, ఆర్‌ఎక్స్ అంటాం, అది ఆ రెసిపేకి పొట్టి రూపం. మందు నుంచి వంటకి వచ్చింది. తమాషా ఏమిటంటే పాత ఇంగ్లీషు వంట పుస్తకాల్లో వంట విధానాన్ని రిసీట్ అనే రాసేవారు, రెసిపీ ఆ చోటు తర్వాత ఆక్రమించింది. పలికేటప్పుడు రె-సి-పి, మూడు ముక్కలు, మొదటిదాని మీద ఒత్తు, దీంట్లో పి బతికే ఉంది. చివర ఇ ఉంది కదా అని రిసైప్ అని చదివేవాళ్ళు ఉన్నారు, అది ముందే ఆపండి.

మూడు మాటల్ని విడదీయడానికి అచ్చుల్ని పట్టుకోండి. రిసీట్‌లో ఈ, రిసైట్‌లో ఐ, రీసెట్‌లో ఎ. డబ్బు కట్టి రిసీట్ తీసుకున్నాను, పద్యం రిసైట్ చేసేను, ఫోన్ రీసెట్ చేసేను. ఈ మూడు వాక్యాలూ వేగంగా అనిపించండి. రీసెట్‌లో పని చేసేటప్పుడు ఒత్తు సెట్ మీద ఉంటుంది గానీ ముందు రీ కొంచెం పొడుగే. సీ పొట్టిగా రిసిట్ అంటే మాత్రం ఊరుకోకండి, దీర్ఘం దీర్ఘంలాగే ఉండాలి, ఇది తెలుగువాళ్ళకి కష్టం కాదు, మనకి సి వేరు సీ వేరు.

స్పెల్లింగ్‌కి పాత సూత్రం సరిపోతుంది, సి తర్వాత ఈ శబ్దం వస్తే ఇ ముందు ఐ తర్వాత. రిసీవ్, డిసీవ్, రిసీట్, సీలింగ్, అన్నిట్లో సి, ఇ, ఐ వరసే. ఇక్కడ ఈ శబ్దం అన్న షరతు ముఖ్యం, అది వదిలేసి చెప్తే సైన్స్, ఏన్షెంట్ దగ్గర పిల్లలు పట్టుకుంటారు. రిసీవ్, రిసీట్ పక్కపక్కన రాయించండి, సి నుంచి ఐ దాకా ఒకటే, తర్వాతే తేడా.


కొలాబ్ (జైపూర్, కొరాపుట్)

మాస్టారూ అర్థమైంది, నేను ఇంక రి-సీట్ అనే అంటాను. మాక్ ఇంటర్వ్యూలో ఎలాగూ క్యాష్ కౌంటర్ గురించి అడుగుతారు. ఒక చిన్న డౌట్, బి లేకుండానే అడుగుతున్నాను, రిసీట్ మీద రెవెన్యూ స్టాంపు ఎప్పుడు అంటించాలి? మా ఇంటి ఓనరు అద్దె రసీదు మీద అంటిస్తాడు, కోచింగ్ వాళ్ళు ఫీజు రసీదు మీద అంటించలేదు.


వంశధార (గుణుపురం)

బాబూ అది నేను చెప్తాను. రాసిచ్చే సొమ్ము ఐదు వేలు దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి, ఐదు వేలు గానీ అంతకి లోపు గానీ అయితే అక్కర్లేదు. సంతకం స్టాంపు మీద నుంచి కాగితం మీదకి వచ్చేలాగ పెట్టించుకో, సగం స్టాంపు మీద సగం కాగితం మీద, అలాగైతే ఆ స్టాంపు ఊడదీసి ఇంకోదానికి వాడ్డానికి ఉండదు. నువ్వు కట్టిన ఫీజు ఐదు వేలు దాటి ఉంటే వెళ్ళి స్టాంపు వేసి ఇమ్మని అడుగు, మొహమాటపడకు. ఇచ్చేక రసీదు నంబరు, తేదీ, అంకెల్లో రాసింది అక్షరాల్లో రాసింది రెండూ కలిసేయో లేదో అక్కడే కౌంటర్ దగ్గర నిలబడి చూసుకో, బయటికి వచ్చేక ఎవరూ మార్చి ఇవ్వరు.